రెండో ప్రపంచయుద్ధంలో ఫైటర్ నడిపి ఎయిర్ చీఫ్ అయిన హైదరాబాద్ ఆయన, ఇద్రిస్ హసన్ లతీఫ్ గురించి తెలిసినోళ్ళు చెప్పండి (పాప స్పీచ్ కోసం)

కొర్లగుంట నాన్న:
అందరికీ నమస్కారం అన్నా. మాది తిరుపతి, కొర్లగుంట. మా పాప తొమ్మిదో క్లాసు. అక్టోబర్ 8న ఎయిర్ ఫోర్స్ డే కదా, స్కూల్లో పిలకాయలు ఒక్కొక్కళ్ళు ఒక ఎయిర్ ఫోర్స్ కమాండర్ గురించి పది నిమిషాలు మాట్లాడాలని చెప్పినారంట, క్లాసులో సగం మంది అర్జన్ సింగ్ పేరు రాసేసుకున్నారు, తప్పేం లేదు ఆయన అంత గొప్పోడే, కానీ మా పాప ఏమంటుందంటే మన తెలుగు ఊళ్ళ నుంచి పోయి ఆ స్థాయికి ఎవరూ రాలేదా నాన్నా అని. మా వీధిలో ఒక పెద్దాయన ఇద్రిస్ హసన్ లతీఫ్ అని పేరు చెప్పినారు, హైదరాబాద్ ఆయన, రెండో ప్రపంచయుద్ధంలో విమానం నడిపినాడు, తర్వాత మొత్తం ఎయిర్ ఫోర్స్‌కే చీఫ్ అయినాడు అని. ఇంగ్లీషులో వెతికితే పుట్టింది ఎప్పుడు, పదవులు ఏంది అని లిస్టు వస్తా ఉండాది, పది నిమిషాలు లిస్టు చదివితే ఎవరు వింటారు?

నాకు తెలియాల్సింది మూడు. యుద్ధంలో ఆయన యాడ ఎగిరినాడు, ఏ విమానం? దేశం రెండైనప్పుడు ఆయన ముస్లిం కదా, అటు పోకుండా ఇక్కడ ఎట్లా ఉండిపోయినాడు? చీఫ్ అయినాక ఏం చేసినాడు? వాట్సాప్‌లో ఒక మెసేజ్ తిరుగుతా ఉంది, 1947 ఆగస్టు 15న ఎర్రకోట మీద విమానాలు తీసుకుపోయింది ఈయనే అని, అది నిజమేనా?

ఎస్వీయూ హిస్టరీ:
అన్నా ముందు ఆ వాట్సాప్ సంగతి. 1947 ఆగస్టు 15న ఎర్రకోట మీద వందకు పైగా విమానాలతో ఫ్లైపాస్ట్ నడిపింది అర్జన్ సింగ్, లతీఫ్ కాదు. పాప స్పీచ్‌లో అది పెట్టొద్దు, క్లాసులో సగం మంది అర్జన్ సింగ్ గురించే చదువుకోని వస్తారు కాబట్టి వెంటనే లేచి నిలబడతారు.

ఇంక లతీఫ్ గారు. పుట్టింది 1923 జూన్‌లో హైదరాబాద్‌లో, చదువు నిజాం కాలేజీ. 1942లో, పద్దెనిమిదేళ్ళకే కమిషన్ వచ్చింది, అంటే మనోళ్ళు డిగ్రీ సెకండియర్లో బ్యాక్‌లాగులు కట్టుకునే వయసులో ఆయన ఆఫీసర్. ట్రైనింగ్ మొదలైంది మన బేగంపేటలోనే, అప్పుడు అక్కడ పైలట్లకి తొలి పాఠాలు చెప్పే స్కూల్ ఉండేది, టైగర్ మాత్ అనే చిన్న విమానం మీద నేర్పేవాళ్ళు. పైన కప్పు ఉండదు, మొహం మీద గాలి కొడతా ఉంటుంది, ముందు ఫ్యాన్‌ని ఒక మనిషి చేత్తో గట్టిగా తిప్పితేగానీ ఇంజన్ స్టార్ట్ కాదు, గురువు శిష్యుడితో మాట్లాడాలంటే చెవులకి పెట్టుకున్న ఒక గొట్టంలోంచి అరవాల్సిందే. ఈ ఒక్క ముక్క పాప చేతులు ఊపుతా చెప్పిందనుకోండి, క్లాసు మొత్తం వింటుంది.

ఆ తర్వాత కరాచీలో తీరం కాపలా. అరేబియా సముద్రం మీద శత్రు సబ్‌మెరైన్లు ఏమైనా ఉన్నాయేమో అని గంటలు గంటలు నీళ్ళని చూస్తా ఎగరడం, అదీ వాపిటి, ఆడాక్స్, హార్ట్ లాంటి పాత రెండు రెక్కల విమానాల మీద, వాటి రెక్కలకి గుడ్డే. 1943లో కొద్దిమంది భారతీయ పైలట్లను ఇంగ్లండ్ పంపినారు, వాళ్ళలో ఈయన ఒకడు, అక్కడ హరికేన్, స్పిట్‌ఫైర్ అనే ఫైటర్ విమానాలు నేర్చుకోని 1944లో తిరిగొచ్చి బర్మా యుద్ధానికి పోయినాడు. 9వ స్క్వాడ్రన్ (స్క్వాడ్రన్ అంటే ఒక కమాండర్ కింద ఉండే విమానాల దళం), హరికేన్లు, అరకాన్ వైపు, అంటే ఇప్పటి మయన్మార్‌లో బంగాళాఖాతం ఒడ్డు. అక్కడ మన సినిమాల్లో చూపించినట్టు ఆకాశంలో ఎదురెదురు కాల్పులు తక్కువ, అడవి మీద తక్కువ ఎత్తులో పోయి జపాన్ వాళ్ళు యాడ దాక్కున్నారో చూడడం, కింద ఉన్న మన సైన్యానికి దారి చేసిపెట్టడం, అదే ఎక్కువ. వానాకాలంలో ఆ కొండల్లో మబ్బు దిగిందంటే శత్రువు అవసరం కూడా లేదు, మబ్బే చంపేస్తుంది.

గుర్తుపెట్టుకోవాల్సింది ఇంకొకటి, ఆ 9వ స్క్వాడ్రన్‌కి అప్పుడు కమాండర్ అస్ఘర్ ఖాన్. ఈ పేరు మళ్ళీ వస్తుంది, రెండో ప్రశ్నకి జవాబు అంతా అక్కడే ఉంది, కానీ నాకు ఇప్పుడు క్లాసుకి టైమయింది, వేరేవాళ్ళు ఎవరైనా అందుకోండి.

మదనపల్లి అక్క:
నేను అందుకుంటా తమ్ముడూ. నేను సోషల్ చెప్పే టీచర్ని, విభజన పాఠం చెప్పేటప్పుడు పిలకాయలకి సరిహద్దు గీత మ్యాపులో చూపిస్తే వాళ్ళకి ఏమీ అనిపించదు, అదే ఒక మెస్సులో కలిసి అన్నం తిన్న స్నేహితులు రెండు దేశాలైపోయినారు అంటే అప్పుడు కళ్ళు పెద్దవి చేసుకోని చూస్తారు.

1947లో దేశంతో పాటు ఎయిర్ ఫోర్స్‌ని కూడా పంచినారు, విమానాలు, స్క్వాడ్రన్లు, మనుషులు అన్నీ. లతీఫ్ గారి లాంటి ముస్లిం ఆఫీసర్లు ఎటు పోతారో తేల్చుకోవాల్సి వచ్చింది. బర్మాలో ఆయనకి కమాండర్‌గా ఉన్న అస్ఘర్ ఖాన్, ఇంకో ఆఫీసర్ నూర్ ఖాన్, ఇద్దరూ మాతో పాకిస్తాన్ వచ్చెయ్ అని ఆయన్ని అడిగినారు. పిలిచింది ఎవరో కాదు, యుద్ధంలో ప్రాణాలు పంచుకున్నోళ్ళు. పైగా అటు పోతే పైకి ఎదగడానికి దారి కూడా బాగా ఉండేది, కొత్త ఎయిర్ ఫోర్స్, ఆఫీసర్లు తక్కువ. ఈయన పోలేదు. మతం వేరు, దేశం వేరు, ఆ రెండింటినీ ముడిపెట్టను అనేది ఆయన లెక్క.

ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. ఆయన యుద్ధం చేసిన 9వ స్క్వాడ్రన్ కూడా పంపకంలో పాకిస్తాన్‌కే పోయింది. అంటే స్క్వాడ్రన్ అటు, కమాండర్ అటు, ఈయన ఒక్కడు ఇటు. సొంత ఊరు హైదరాబాద్ చూస్తే అప్పటికి నిజాం చేతిలో ఉంది, 1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్ అయ్యేదాకా మన దేశంలో కలవనే లేదు. ఊరు ఇంకా కలవక ముందే ఈ మనిషి భారతదేశాన్ని ఎంచుకున్నాడు! ఇది పాప స్పీచ్‌లో కచ్చితంగా ఉండాలి తమ్ముడూ, నా మాట విను, పదవులన్నీ వదిలేసినా పర్లేదు ఇది వదలొద్దు.

తర్వాత ఏమైందో చూడు. అస్ఘర్ ఖాన్ 1957లో పాకిస్తాన్ ఎయిర్ ఫోర్స్‌కి చీఫ్ అయినాడు, ఆయన తర్వాత 1965లో నూర్ ఖాన్ అయినాడు, ఆ సంవత్సరమే యుద్ధం. ఇటు లతీఫ్ గారు 1978లో మన చీఫ్ అయినాడు. రమ్మని పిలిచిన ఇద్దరూ అటు చీఫ్‌లు, రాను అన్నోడు ఇటు చీఫ్.

కొర్లగుంట నాన్న:
అక్కా మీరు రాసింది పాపకి చదివి వినిపించినా, మా ఆవిడ కూడా పొయ్యి మీద కూర వదిలేసి వచ్చి కూర్చునింది. పాప ఒక ప్రశ్న అడగమంటా ఉంది, యుద్ధం వచ్చినప్పుడు వాళ్ళు వాళ్ళు తెలిసినోళ్ళే కదా, మరి ఎట్లా కొట్టుకున్నారు, ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదా అని.

మదనపల్లి అక్క:
మంచి ప్రశ్న అడిగింది బంగారు తల్లి. మాట్లాడుకున్నారమ్మా, అది రికార్డులో ఉన్న సంగతే. 1965 ఏప్రిల్‌లో రణ్ ఆఫ్ కచ్ దగ్గర రెండు సైన్యాలకి గొడవ మొదలైనప్పుడు పాకిస్తాన్ చీఫ్ అస్ఘర్ ఖాన్ నేరుగా మన చీఫ్ అర్జన్ సింగ్‌కి ఫోన్ చేసినాడు, ఇందులోకి విమానాలు రానియ్యొద్దు, మీరూ దూరంగా ఉండండి మేమూ ఉంటాం అని. అర్జన్ సింగ్ రక్షణ మంత్రి చవాన్ గారికి చెప్పి ఒప్పుకున్నాడు, ఆ గొడవ అంతటితో విమానాలు లేకుండా అయిపోయింది. ఒకప్పుడు ఒకే యూనిఫాం వేసుకున్నోళ్ళు కాబట్టి ఆ ఫోన్ సాధ్యమైంది అని నా నమ్మకం.

కానీ సెప్టెంబర్‌కి అది నిలవలేదు. జమ్మూ వైపు ఛంబ్ దగ్గర పాకిస్తాన్ ట్యాంకులు ముందుకు రావడం, సెప్టెంబర్ 1న విమానాలు ఎంతసేపట్లో లేస్తాయి అని మంత్రి అడిగితే అర్జన్ సింగ్ గంటలో అని చెప్పడం, గంట కూడా కాకముందే లేపడం, అదంతా తెలిసిందే. స్నేహం స్నేహమే, డ్యూటీ డ్యూటీనే. పాపకి అంత మాత్రం చెప్పు, ఇంకా ఎక్కువ చెప్తే స్పీచ్ లతీఫ్ నుంచి అర్జన్ సింగ్ మీదికి పోతుంది.

గ్రీమ్స్‌పేట ఫిట్టర్:
చిత్తూరు నుంచి రాస్తా ఉండా. ఎయిర్ ఫోర్స్‌లో ఇంజన్ ఫిట్టర్‌గా చేసి రిటైరైనాను, చాలా ఏళ్ళు అంబాలాలో, జాగ్వార్ అనే యుద్ధ విమానాల మీద. మూడో ప్రశ్నకి నేను చెప్తా నాయనా, అది మా బతుకుతెరువు సంగతి.

లతీఫ్ సాబ్ 1978 సెప్టెంబర్ నుంచి 1981 ఆగస్టు దాకా చీఫ్. మన దగ్గర అప్పుడు శత్రు దేశం లోపలికి దూరంగా పోయి కొట్టడానికి ఉన్నవి కాన్‌బెర్రాలు, హంటర్లు, బాగా పాతబడిపోయినాయి. కొత్తది కావాలి అని ఎయిర్ ఫోర్స్ అడగడం, ఫైలు తిరగడం, డబ్బు లేదనడం, మళ్ళీ అడగడం, ఇట్లా 8 ఏళ్ళకు పైగా నానింది. జాగ్వారా, ఫ్రాన్స్ వాళ్ళ మిరాజ్ ఎఫ్1నా, స్వీడన్ వాళ్ళ విగ్గెనా అని చూసి చూసి చివరికి జాగ్వార్ తేల్చి ఆర్డర్ ఇప్పించినారు, 1979 జులైలో మొదటివి అంబాలాలో దిగినాయి, 14వ స్క్వాడ్రన్‌కి. మనకి కట్టాల్సినవి తయారయ్యేదాకా ఆగకుండా ఇంగ్లండ్ ఎయిర్ ఫోర్స్ దగ్గర వాడతా ఉన్నవి కొన్ని అప్పుగా తెచ్చినారు, తర్వాత బెంగుళూరులో హెచ్ఏఎల్ అనే సర్కారు విమానాల ఫ్యాక్టరీలో మనమే కట్టుకున్నాం. షోరూంకి పోయి బండి కొన్నట్టు కాదు నాయనా విమానం కొనడమంటే, స్పేర్లు, పనిముట్లు, నేర్చుకోవాల్సిన మనుషులు, దాన్ని పెట్టే షెడ్డు, అన్నీ దాంతోపాటు రావాలి.

జాగ్వార్ ఎట్లా ఉంటుందో పాప ఫోటోలో చూస్తుంది గానీ దగ్గరికి పోయి చూస్తే కనపడేవి వేరే. వెనక చక్రాలు ఒక్కో కాలికి రెండేసి ఉంటాయి, సరిగ్గా లేని నేల మీద కూడా దిగేటట్టు చేసిన బండి అది. కాళ్ళు పొడుగు, పొట్ట కింద చోటు ఉంటుంది, బాంబులు తగిలించే పిల్లోళ్ళకి నడుములు పోకుండా. ఇంకొకటి, మన జాగ్వార్ మీద గాల్లో కొట్లాడే మిసైల్ రెక్క కింద కాదు, రెక్క పైన ఉంటుంది! కొత్తగా వచ్చిన ఎయిర్‌మన్ ప్రతి ఒక్కడూ మొదటిరోజు అది చూసి నిలబడిపోతాడు. ఎండాకాలం అంబాలాలో విమానాలు నిలిపే టార్మాక్ మీద పానెల్ స్క్రూలు ఉత్త చేత్తో పట్టుకోలేం, గుడ్డ చుట్టుకోని విప్పేవాళ్ళం. ఆ బండి ఇంగ్లండు వాళ్ళు మానేసినారు, ఫ్రాన్స్ వాళ్ళు మానేసినారు, మనోళ్ళు మాత్రం దాని లోపలి ఎలక్ట్రానిక్స్ మార్చుకుంటా మార్చుకుంటా ఇన్నేళ్ళు నడిపినారు. ఆయన కాలంలో పెట్టిన సంతకం మీద నాలుగు దశాబ్దాలు ఎంతమంది పైలట్లు, ఎంతమంది మా లాంటోళ్ళు పనిచేసినారో లెక్కేసుకో.

రేణిగుంట రన్‌వే:
పెద్దాయన చెప్పింది అంతా కరెక్టే, కానీ ఒక్క మాట, జాగ్వార్ మొత్తం లతీఫ్ గారి ఖాతాలోనే వెయ్యొద్దు. ఆయన చీఫ్ అయింది 1978 సెప్టెంబర్, సర్కారు జాగ్వార్ అని తేల్చింది ఆ అక్టోబర్‌లో, అంటే పరీక్షలు, పోలికలు చాలావరకు అంతకుముందు చీఫ్ మూల్గావ్‌కర్ గారి టైంలోనే జరిగుంటాయి కదా. స్పీచ్‌లో "ఈయనే తెచ్చినాడు" అని ఒక్కడికే కిరీటం పెట్టేస్తే మిగతావాళ్ళకి అన్యాయం.

అసలు నాకు ఆశ్చర్యంగా ఉంది, అందరూ విమానాల కొనుగోలు గురించి ఇంత చెప్తా ఉన్నారు, మరి 1965, 1971 యుద్ధాల్లో ఆయన ఏం చేసినారు? చీఫ్ అయినోడి గురించి స్పీచ్ అంటే యుద్ధం ఉండాలి కదా.

గ్రీమ్స్‌పేట ఫిట్టర్:
నువ్వు చెప్పింది న్యాయమే రన్‌వే, మూల్గావ్‌కర్ సాబ్ పేరు కూడా చెప్పాల్సిందే. ఆయన కూడా బర్మా యుద్ధంలో ఎగిరినోడే. అయితే తేల్చడం వేరు, తెప్పించడం వేరు. ఆర్డర్ ఇచ్చినాక ఢిల్లీలో ప్రభుత్వాలు మారినాయి, ఒకసారి కాదు, అట్లాంటి టైంలో కొత్త విమానాన్ని దేశంలో నిలబెట్టి నడిపించడం చీఫ్ పనే.

1971 సంగతి అడిగినావు. అప్పుడు ఆయన ఢిల్లీ హెడ్‌క్వార్టర్స్‌లో ప్లాన్స్ చూసే అసిస్టెంట్ చీఫ్. చీఫ్ పి.సి. లాల్ సాబ్. నీకు అది ఆఫీసు పని లాగా కనపడొచ్చు. యుద్ధం డిసెంబర్ 3న మొదలై 16న అయిపోయింది, ఆ రెండు వారాల్లో కొత్త విమానం యాడినుంచి తెస్తావు, కొత్త పైలట్‌ని యాడినుంచి తెస్తావు? ఉన్నవే, ముందు ఏళ్ళలో ఎవరో కూర్చోని లెక్కేసి సమకూర్చి పెట్టుంటేనే. నేను హ్యాంగర్‌లో పనిచేసినోణ్ణి, ఒక చిన్న రబ్బరు సీలు స్టోర్‌లో లేకపోతే కోట్ల విమానం నేల మీద కూర్చోవడం కళ్ళారా చూసినా. అందుకే నాకు ప్లాన్స్ చూసినోడు చీఫ్ కావడం చాలా గొప్పగా అనిపిస్తుంది, పేపర్లో ఫోటో రాకపోయినా.

పాపకి ఇంకో సంగతి ఇస్తా, ఇది యుద్ధం కంటే బాగుంటుంది. లతీఫ్ సాబ్ టైంలోనే మిగ్-23, మిగ్-25ల కోసం రష్యా వాళ్ళతో మాట్లాడి ఒప్పించినారు. మిగ్-25 అంటే బరేలీలో ఉన్నింది, ధ్వనికి దాదాపు మూడు రెట్ల వేగం, 20 కిలోమీటర్ల కంటే ఎత్తుకి పోయి అక్కణ్ణుంచి ఫోటోలు తీసే బండి. రిటైరయ్యే ముందు ఆయన దాంట్లో ఎక్కి ఎగిరినారు, 58 ఏళ్ళ వయసులో. గుడ్డ చుట్టిన రెక్కల వాపిటితో మొదలుపెట్టిన మనిషి!

ఎస్వీయూ హిస్టరీ:
పెద్దాయనా ఆ చివరి లైను అదిరింది, వాపిటి వేగం గంటకి రెండొందల కిలోమీటర్ల పైచిలుకు. మిగ్-25 అయితే గంటకి మూడు వేల కిలోమీటర్ల దగ్గర. ఒక్క మనిషి సర్వీసులో ఈ రెండూ.

రిటైరయినాక 1982 నుంచి 85 దాకా మహారాష్ట్ర గవర్నర్, తర్వాత 88 దాకా ఫ్రాన్స్‌లో మన రాయబారి, ఆ తర్వాత హైదరాబాద్‌కే వచ్చేసినారు. 2018 ఏప్రిల్ 30న అక్కడే పోయినారు, 94 ఏళ్ళు. వీటికి స్పీచ్‌లో ఒక్క వాక్యం చాలు అన్నా, ఎక్కువ పెట్టొద్దు.

కొర్లగుంట నాన్న:
అందరికీ చాలా చాలా థాంక్స్. పాప రాసుకోవడం మొదలుపెట్టేసింది, టైగర్ మాత్‌తో మొదలు, మధ్యలో 9వ స్క్వాడ్రన్ అటు పోయినా ఈయన ఇటు ఉండిపోవడం, తర్వాత జాగ్వార్, మిగ్-25. మూల్గావ్‌కర్ గారి పేరు కూడా పెట్టింది. ఫిట్టర్ పెద్దాయనా, మీ రబ్బరు సీలు సంగతి కూడా చెప్తానంటుంది, మీకు ఇబ్బంది లేదు కదా? ఇంకొకటి, దీనికి ఇప్పుడు పైలట్ కావాలని పట్టుకునింది, ఆడపిల్లల్ని ఫైటర్లకి తీసుకుంటారా అసలు, ఎట్లా పోవాలి?

గ్రీమ్స్‌పేట ఫిట్టర్:
నిక్షేపంగా చెప్పమను నాయనా, నా పేరు అవసరం లేదు, చిత్తూరు ఫిట్టర్ తాత చెప్పినాడని చెప్తే చాలు.

ఆడపిల్లల్ని తీసుకుంటారా అంటే, 2016లోనే ముగ్గురు ఆడపిల్లలు ఫైటర్ పైలట్లుగా కమిషన్ అయినారు, ఇప్పుడు ఇంకా చాలామంది. 2022 నుంచి ఎన్డీఏలోకి, అంటే ఇంటర్ అయినాక చేరి ఆఫీసర్ ట్రైనింగ్ తీసుకునే నేషనల్ డిఫెన్స్ అకాడమీలోకి, కూడా ఆడపిల్లలు పోతా ఉన్నారు. ఎయిర్ ఫోర్స్ వైపు పోవాలంటే ఇంటర్లో మ్యాథ్స్, ఫిజిక్స్ ఉండాల్సిందే కాబట్టి ఎంపీసీ తీసుకోమను, బైపీసీ వైపు పోనియ్యొద్దు. డిగ్రీ అయినాక పోవాలంటే ఏఎఫ్‌క్యాట్ అని ఇంకో పరీక్ష ఉంది. కాలేజీలో ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ దొరికితే చేర్చు. అన్నిటికంటే ముందు ఒక మంచి కంటి డాక్టర్ దగ్గర చూపు, రంగులు గుర్తుపట్టే పరీక్ష చేయించు, అక్కడ తేడా ఉంటే ఇప్పుడే తెలియడం మేలు. చూపు బాగుంటే రోజూ పొద్దున కపిలతీర్థం దాకా పరిగెత్తించు, స్పీచ్ అయినాక ఎట్లా మాట్లాడిందో ఇక్కడ రాయి.